మామిడి గుర్తులు జీడిమామిడికి చెల్లునా?



కళింగపట్నము మొదలుకొని ఇచ్ఛాపురము వఱకు సముద్రపుటొడ్డునగల ఇసుకనేలలలో పెరుగు ఫలవృక్షములలో జీడిమామిడి ముఖ్యమైనది. ఇది మన దేశమున బుట్టిన చెట్టు కాదు. పదునాఱవ శతాబ్దమున పోర్చుగీసువారు బ్రెజిలు దేశమునుండి దీనిని మన పడమటి తీరమునకు దెచ్చిరి. కాలక్రమమున నది తూర్పు తీరమునకును వ్యాపించెను. క్రొత్తగా వచ్చిన ఈ పరదేశపు చెట్టునకు తెలుగువారు పెట్టిన పేరు గమనింపదగినది. మన కొండలలో నల్లజీడి యను చెట్టు పూర్వమునుండియు గలదు. మామిడి సంగతి చెప్పనక్కఱలేదు. ఆ రెండు పేర్లను గలిపి దీనిని జీడిమామిడి యనిరి. శాస్త్రము చదువుకొనినవా రెవ్వరును కూర్చుండి నిర్ణయించిన పేరు గాదిది. అయినను నేటి వృక్షశాస్త్రము చెప్పుచున్న మాటయు నదియే: జీడిమామిడి, నల్లజీడి, మామిడి, ఈ మూడును ఒక్క కుటుంబములోనివి.

ఆ కుటుంబము చాల పెద్దది. మన యడవులలో పప్పుకొఱకు ఏరుకొను సారచెట్టు, పుల్లని కాయలు గాయు అంబాళము, గట్లమీద నాటుకొను గుంపెన, ఎడారిదేశములలోని పిస్తా, ఇవన్నియు దానిలోనివే. ఈ చెట్లలో చాలవాని బెరడునందును కాయయందును జిగటయో, సొనయో, మండించు రసమో యుండును. మామిడికాయ తొడిమ త్రుంచినపుడు చిమ్ము సొన, జీడిపిక్క పెంకులోని నూనె, నల్లజీడి రసము, మూడును చర్మమును పొక్కించునవే. చుట్టఱికము రూపునందే గాక గుణమునందును గనుపించుచున్నది.

నల్లజీడిని గూర్చి మఱియొక మాట. దాని గింజ రసముతో చాకలివారు బట్టలకు గుర్తులు పెట్టెడివారు. ఆ గుర్తు ఎన్ని యుదుకులు ఉదికినను పోదు. అందుచేతనే వృక్షశాస్త్రజ్ఞులు ఆ చెట్టునకు గ్రీకు భాషలో 'గుర్తుకాయ' యని అర్థము వచ్చు 'సెమికార్పస్' అను పేరు పెట్టిరి. చాకలి పెట్టిన గుర్తు బట్ట నాణ్యమును జెప్పదు, రంగును మార్చదు, మన్నికను బెంచదు. ఈ బట్ట ఎవరి యింటిదో మాత్రము తప్పక చెప్పును. ఈనాడు నేను చెప్పబోవు జన్యు చిహ్నములును అట్టివే. అవి చెట్టు ఏ యింటిదో చెప్పు గుర్తులు. అయితే ఈ గుర్తులు మనము పెట్టినవి కావు. ప్రతి జీవకణమునందును ప్రకృతియే వ్రాసి యుంచినవి. వానిని చదువుటయే మనపని.

ఒక జాతి చెట్టునకై కనుగొన్న గుర్తులు దాని చుట్టపు జాతికి గూడ పనికివచ్చునా యనునది నేటి ప్రసంగ విషయము.

మొదట ఈ గుర్తులతో మన కేమి యవసరమో చెప్పెదను. మామిడిటెంక పాతిన, వచ్చిన మొక్క తల్లిచెట్టు వంటి కాయ కాయునను నమ్మకము లేదు. మన దేశపు మామిడి రకములలో పెక్కింటికి టెంకలో ఒక్క పిండమే యుండును. ఆ పిండము తల్లి తండ్రుల కలయికవలన బుట్టినది. తండ్రి యేచెట్టో ఈగకు దెలియవలెను గాని తోటమాలికి దెలియదు. జీడిమామిడియు నంతే. ఒకే చెట్టు పిక్కలు పది నాటిన పది విధములుగా గాయును. కావుననే మంచి చెట్టు కొమ్మను దెచ్చి వేఱు మొక్కకు అంటుకట్టుట యేర్పడినది. అంటు అనగా తల్లిచెట్టే; క్రొత్త వేళ్ళమీద నిలిచిన ఆ పాతచెట్టే. సువర్ణరేఖ యైనను, బంగినపల్లి యైనను, బాపట్ల జీడిమామిడి పరిశోధనా స్థానమువారు పెంపొందించిన బి.పి.పి.8 అను సంకర రకమైనను, అంటు నిజమైనపుడే రకము నిజమగును.

అంటు నిజమా కాదా యని కొనువా డెట్లెఱుగును? మూరెడు మొక్కకు పూవు లేదు, కాయ లేదు. ఆకులు చూచి చెప్పగల నేర్పరులు కొందఱున్నారు గాని, లేతమొక్కలయందు వారికిని సందేహమే. జీడిమామిడి యంటు మూడవ యేటనో నాలుగవ యేటనో కాపునకు వచ్చును. మామిడికి మఱికొంత కాలము పట్టును. మొక్క వేఱురకముదని యప్పుడు దెలిసినచో, పోయినది మొక్కవెల మాత్రమే కాదు. నాలుగేండ్ల నీరు, ఎరువు, కాపలా, నేల, అన్నియు బోయినవి.

ఇది ఊహించి చెప్పు కష్టము గాదు. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున 'తిత్లీ' యను తుపాను పలాస సమీపమున తీరము దాటెను. గాలి గంటకు 140 మొదలు 150 కిలోమీటర్ల వేగమున వీచెను. ఉద్యానమను మాటనుండి పేరు వచ్చినదని చెప్పుకొను ఉద్దానమునందు కొబ్బరితోటలును జీడితోటలును నేలవ్రాలినవి. తాతలనాటి చెట్లు ఒక్క యుదయమున బోయినవి. అట్టి యాపద తరువాత రైతు చేయవలసిన మొదటిపని మరల నాటుట. ఒకేసారి వేలకొలది కుటుంబములకు మొక్కలు కావలసివచ్చినపుడు, నిజమైన యంటును గుర్తించు సాధన మెంత విలువగలదో నేను వేఱుగ జెప్పనక్కఱలేదు. నాడు నాటిన మొక్కపై పదేండ్ల, ఇరువదేండ్ల జీవన మాధారపడియుండును.

ఇక గుర్తు అనగా నేమో చూతము. ప్రతి జీవకణమునందును డి.ఎన్.ఏ. యను సన్నని జంటపేట దారము గలదు. దాని నిర్మాణమును 1953లో వాట్సను, క్రిక్కు అను నిరువురు శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. ఈ దారము నాలుగు రసాయనాక్షరములతో వ్రాయబడిన గ్రంథము వంటిది. ఆ యక్షరములను ఏ, టి, జి, సి యని పిలుతురు. మామిడి గ్రంథమునందు సుమారు నలువది కోట్ల యక్షరములున్నవి. అది 40 సంపుటములుగా, అనగా 20 జతలుగా కట్టబడియున్నది. జతలో నొకటి తల్లినుండియు, రెండవది తండ్రినుండియు వచ్చును. మామిడి గ్రంథమును దాదాపు పూర్తిగా చదివి శాస్త్రజ్ఞులు 2020లో ప్రకటించిరి.

ఈ గ్రంథమున నక్కడక్కడ ఒక విచిత్రము గలదు. రెండు మూడక్షరములు వరుసగా మరల మరల వచ్చును: సి.ఏ., సి.ఏ., సి.ఏ. అని జపము చేసినట్లు పదిసార్లో ఇరువదిసార్లో యుండును. వీనిని శాస్త్రజ్ఞులు మైక్రోశాటిలైటు లందురు. మనము పునరుక్తులని పిలుతము. కణము విభజన చెందునపుడు గ్రంథమునకు ప్రతి వ్రాయబడును. జపమాల త్రిప్పువాడు లెక్క తప్పినట్లు, ఈ పునరుక్తులవద్ద ప్రతివ్రాత అప్పుడప్పుడు ఒకటి యెక్కువగనో తక్కువగనో జరుగును. తరతరములుగా నిట్లు మారుటచేత ఒక రకపు మామిడిలో పండ్రెండుసార్లున్న జపము మఱియొక రకమున పదునేడుసార్లుండును. ఈ సంఖ్యయే గుర్తు. జీవుల డి.ఎన్.ఏ.లో నిట్టి మార్పులను సులభముగా చదువవచ్చునని 1989లో మూడు పరిశోధక బృందములు వేర్వేఱుగా ప్రకటించినవి.

నలువది కోట్ల యక్షరములలో ఒక పునరుక్తిని పట్టుకొనుట యెట్లు? పునరుక్తికి రెండు ప్రక్కలను జపము లేని మామూలు వ్రాత యుండును. ఆ వ్రాతలో ఇరువది యక్షరముల మేర యటు, ఇరువది యిటు తీసికొని, వానికి సరిపడు రెండు పొట్టి డి.ఎన్.ఏ. తునకలను యంత్రమున తయారు చేయుదురు. వీనికి ప్రైమరులని పేరు. ఇవి దారిప్రక్కనున్న రెండు మైలురాళ్ళ వంటివి. ఆ రెండు రాళ్ళ నడుమనున్న మార్గమును మాత్రము మనము కొలిచెదము.

ఆ నడిమి తునకకు కోట్లకొలది ప్రతులు తీయు విధానమును 1983లో కేరీ మల్లిసు అను నమెరికా శాస్త్రజ్ఞుడు కనిపెట్టెను. దానికి పి.సి.ఆర్. అని పేరు, 1993లో నతనికి నోబెలు బహుమాన మీయబడెను. డి.ఎన్.ఏ.ను 95 డిగ్రీల వఱకు వేడిచేసిన జంటపేటలు విడిపోవును. 50, 60 డిగ్రీల నడుమకు చల్లార్చిన ప్రైమరులు తమ తమ చోట్ల నతుకుకొనును. 72 డిగ్రీలకు దెచ్చిన, ఒక పాచకద్రవ్యము అచ్చటినుండి క్రొత్త పేటను వ్రాసికొనిపోవును. అంత వేడిని దట్టుకొను ఆ ద్రవ్యము అమెరికాలోని వేడినీటి బుగ్గలలో నివసించు నొక సూక్ష్మజీవినుండి లభించినది. ఒకసారి ఈ క్రమము జరిగిన తునక రెండగును. రెండుసార్లు జరిగిన నాలుగు. ముప్పదిసార్లు జరుగుసరికి లెక్కప్రకారము నూటయేడు కోట్లు దాటును. కొన్ని గంటలలో ముగియు పని.

ఆ ప్రతులను జిగురుముద్ద వంటి పలకలో నుంచి విద్యుత్తు ప్రసరింపజేయుదురు. పొట్టి తునకలు చుఱుకుగా బరుగెత్తును, పొడవైనవి వెనుకబడును. ఎక్కడ నిలిచినవో చూచి పొడవును, పొడవునుబట్టి పునరుక్తుల సంఖ్యను దెలిసికొందురు. తల్లిచెట్టునకు పండ్రెండు, పదునేడు అని వచ్చినచో, దాని యంటునకును పండ్రెండు, పదునేడే రావలెను. ఒక్క గుర్తు కలియుట యాదృచ్ఛికము కావచ్చును. ఉదాహరణమునకు, ఒక్కొక్క గుర్తు సంబంధము లేని చెట్లలో నైదింట నొకసారి కలియుననుకొందము. పరస్పరము సంబంధములేని పది గుర్తులు కలియుట తొంబదియేడు లక్షలలో నొకసారి మాత్రమే జరుగును. పది గుర్తులును గలిసినచో రకము నమ్మదగినదే.

ఇంతవఱకు బాగుగ నున్నది. కాని క్రొత్తగా నొక జాతికి గుర్తులను కనుగొనుట శ్రమతోను ధనవ్యయముతోను గూడిన పని. గ్రంథమును తునకలు చేసి, పునరుక్తులున్న పుటలను వెదకి, ప్రక్కవ్రాతలు చదివి, ప్రైమరులు తయారుచేసి, పలు చెట్లపై పరీక్షింపవలెను. వానిలో కొన్ని పనిచేయవు. కొన్ని పనిచేసినను చెట్టునకును చెట్టునకును భేదము చూపవు. ఇప్పటి యంత్రములు ఈ పనిని సులభము చేసినవి గాని, లోకమునకు ధనము దెచ్చు పంటలకే మొదట నా యంత్రముల సేవ లభించును. ఆపిలు, పీచు, ద్రాక్ష, నారింజలకు వేలకొలది గుర్తులున్నవి. మన సారచెట్టును గాని నల్లజీడిని గాని పట్టించుకొనువారు తక్కువ. కలవారింటి పనిముట్టును లేనివారు ఎరవు దెచ్చుకొనినట్లు, ఒక జాతి గుర్తులను చుట్టపు జాతికి వాడుకొందుమను నాలోచన యిక్కడ బుట్టినది.

ఇది చెల్లుటకు కారణమేమి? చుట్టములైన రెండు జాతులు ఏనాడో ఒక్క పూర్వజాతినుండి విడిపోయినవి. అప్పటి గ్రంథమునకు రెండును ప్రతులే. జపము లెక్క తఱచు మారును. కాని జపమునకు ప్రక్కనున్న మామూలు వ్రాత మెల్లగా మాత్రమే మారును. ముఖ్యముగా ఆ వ్రాత ప్రాణమున కవసరమగు జన్యువులోనిదైనచో, దానిని చెఱచుకొనిన చెట్టు బ్రదుకదు గనుక, లక్షల సంవత్సరములు గడచినను నిలిచియుండును. మైలురాళ్ళు కదలవు, నడుమనున్న తాడిచెట్ల లెక్క మాత్రము ఊరూరికిని మారును. కనుక మామిడికై చెక్కిన రాళ్ళు మామిడి చుట్టములలోను ఆ చోటనే దొరకవచ్చును.

చుట్టములు ఒక్కతీరుననే మారుదురను మాట క్రొత్తది గాదు. డి.ఎన్.ఏ. సంగతి తెలియకమునుపే, 1920లో వావిలోవు అను రష్యను శాస్త్రజ్ఞుడు సమీపజాతులలో భేదములు సమాంతరశ్రేణులుగా నేర్పడునని ప్రతిపాదించెను. ఒక ధాన్యమున నల్లగింజ రకము కనిపించినచో దాని చుట్టపు ధాన్యమునను వెదకుడు, దొరకునని యాతడనెను. పైరూపమున నాతడు చూచినదానికి మూలము నేడు గ్రంథమునందే కనుపించుచున్నది.

పండ్లచెట్లలో దీనికి మంచి నిదర్శనములు గలవు. పీచు, బాదము, చెఱ్ఱీ, ఆల్‌బుకరా ఒక్క ప్రజాతిలోని సోదరులు. 1999లో ఇటలీ శాస్త్రజ్ఞులు పీచునందు గనుగొన్న గుర్తులను ఈ సోదరులపై ప్రయోగింపగా పెక్కు పనిచేసినవి. 2001లో జపాను శాస్త్రజ్ఞులు మఱియొక యడుగు ముందుకు వేసిరి. ఆపిలు గుర్తులతో వారు పియరుపండు రకములను వేఱుపఱచి చూపిరి. ఆపిలు, పియరు వేర్వేఱు ప్రజాతులు. అయినను రెండింటికిని క్రోమోసోములు పదునేడేసి జతలే. రెండింటి గ్రంథములలో ప్రకరణముల వరుసయు చాలవఱకు సమానమే. వరుస సమానమగుటచే నింకొక లాభము గలదు. ఒక జాతియందు ఫలాన గుర్తు ఫలాన గుణమునకు ప్రక్కయింట నున్నదని తెలిసినచో, చుట్టపు జాతియందును ఆ గుణమును ఆ వీథిలోనే వెదకవచ్చును.

మన కుటుంబమునకు వత్తము. 2006లో ఇంగ్లండునందలి శాస్త్రజ్ఞులు జీడిమామిడికి గుర్తులను గనుగొని, అవి యితర జాతులయందు పనిచేయుటను గూడ పరిశీలించి ప్రకటించిరి. 2011లో బెంగుళూరునందలి భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థవారు మామిడికి క్రొత్త గుర్తులను కనుగొని, మామిడి ప్రజాతిలోని యితర జాతులపై గూడ పరీక్షించిరి. మామిడి ప్రజాతియందు డెబ్బది వఱకు జాతులున్నవి. మనము తినునది యందొకటి. అండమాను దీవులలో, అస్సాము కొండలలో, మలయా, బోర్నియో యడవులలో మిగిలినవి గలవు. వానిలో కొన్ని మన మామిడికి లేని బలము గలవి. మలయా ప్రాంతపు మామిడి జాతియైన 'లారినా' ఆకుమచ్చ, కాయమచ్చ తెగులును చక్కగ దట్టుకొనునని పరిశీలకులు వ్రాసిరి. అట్టి బలమును సంకరమువలన మన మామిడికి దెచ్చుకొనవలెనన్న, ఏ పిల్లమొక్క ఆ బలమున్న భాగమును దెచ్చుకొన్నదో పూతకు ముందే గుర్తింపవలెను. ఇరుజాతులయందును పనిచేయు గుర్తు లేనిచో నది సాధ్యము గాదు.

చుట్టఱికపు తగవులను దీర్చుటకును ఈ చదువు పనికివచ్చును. మలయా దేశమున 'కువిని' యను పరిమళముగల మామిడి యొకటి గలదు. అది ప్రత్యేకజాతియా, సంకరమా యని చాలకాలము చర్చ జరిగెను. మఱియొక విధమగు డి.ఎన్.ఏ. గుర్తులతో పరీక్షించి, అది మన మామిడికిని దుర్గంధపు మామిడి యని పేరుపొందిన యింకొక జాతికిని బుట్టిన సంకరమని 2002లో నిర్ధారించిరి.

అయితే మామిడి గుర్తులు జీడిమామిడికి చెల్లునా? సూటిగా చెప్పవలెనన్న, కొన్ని చెల్లును, చాల చెల్లవు. ఒకే ప్రజాతిలో నున్న సోదరజాతులకు ఎరవు సాధారణముగా చక్కగ గుదురును. ప్రజాతి మాఱినకొలది ఫలము తగ్గును. మామిడి ఆసియాది, జీడిమామిడి దక్షిణామెరికాది. రెండును విడిపోయి యుగములు గడచినవి. పెక్కుచోట్ల మైలురాళ్ళుగూడ అరగిపోయినవి. అందుచే ఎరవు దెచ్చిన పనిముట్టును వాడుటలో గల చిక్కులను దెలిసికొనుట యవసరము. అవి ముఖ్యముగా నాలుగు.

మొదటిది, రాయి దొరకకపోవుట. ప్రైమరు అతుకవలసిన చోట నొకటి రెండక్షరములు మాఱినచో అది యతుకదు. చల్లార్చు వేడిమిని 60 డిగ్రీలనుండి 50 డిగ్రీలకు దింపిన, ప్రైమరు కొంచెము తప్పును సహించి యతుకుకొనును. కాని మఱియు దింపిన, సంబంధములేని చోట్ల గూడ నతుకుకొని తప్పుడు తునకలను బుట్టించును. ఈ తూనిక తెలిసిన చేయి కావలెను.

రెండవది మఱింత మోసకరమైనది. చెట్టునకు తల్లి పుస్తకమొకటి, తండ్రి పుస్తకమొకటి యుండునని చెప్పితిని గదా. ఒకదానిలో రాయి నిలిచి, రెండవదానిలో చెఱగిపోయినచో, పలకపై నొక్క తునకయే కనుపించును. చూచువాడు ఇరువైపుల నొకే సంఖ్య యున్నదని భ్రమపడును. ఈ భ్రమచేత నిజమైన తల్లిని తల్లి కాదనుటకు గూడ వీలు కలదు. దీనిని పట్టుకొనవలెనన్న తెలిసిన తల్లిని, ఆమె పిల్లమొక్కలను కలిపి పరీక్షింపవలెను.

మూడవది, రాళ్ళు రెండునున్నను నడుమ జపము లేకపోవుట. మామిడియందు ఇరువదిసార్లున్న పునరుక్తి జీడిమామిడియందు మూడుసార్లే యుండవచ్చును. అంత చిన్న జపము మాఱదు. అన్ని చెట్లకును ఒకే పొడవు వచ్చును. తునక వచ్చినదని సంతోషింపరాదు. భేదము చూపినపుడే గుర్తు గుర్తగును.

నాలుగవది, పొడవు సమానమైనను పుట్టుక వేఱగుట. ఒక జాతియందు జపము పెరిగియు, వేఱొక జాతియందు ప్రక్కవ్రాత పెరిగియు, మొత్తము పొడవు ఒక్కటే కావచ్చును. ఇద్దఱు మనుష్యుల యెత్తు సమానమైనంతమాత్రమున వారు అన్నదమ్ములు గారు. కావున నెరవు దెచ్చిన ప్రతి గుర్తును, మొదట కొన్ని చెట్లయందైనను, అక్షరమక్షరము చదివి సరిచూచుట తప్పనిసరి. అట్లు సరిచూచిన పిదప మిగిలిన గుర్తులు కొలదియే యైనను, వానిని నమ్మవచ్చును.

జీడిమామిడికి నేడు స్వంత గుర్తులున్నవి గనుక అంటు పరీక్షకు మామిడి నాశ్రయింపవలసిన పని లేదు. ఎరవు గుర్తులకు నిజమైన యక్కఱ వేఱుచోట గలదు. మన సీతంపేట కొండలలో, పార్వతీపురము మన్యమున, సవరలు జాతాపులు ఏరి తెచ్చు సారపప్పునకు మంచి వెల గలదు. ఆ చెట్లు నాటినవి కావు. అడవిలో దమంతట బెరిగినవి. నల్లజీడియు నంతే. అడవి తఱుగుచున్నకొలది, ఏ కొండమీది చెట్లలో వైవిధ్య మెక్కువ, ఏ కొండమీదివి యన్నియు నొక్క తల్లి బిడ్డలు, వేనిని ముందు కాపాడవలెను, వేనినుండి విత్తనము తీయవలెను, అను ప్రశ్నలకు జవాబులు కావలెను. ఇట్టిచోట, వానికి స్వంత గుర్తులు సిద్ధమగువఱకు, మామిడి గుర్తులను జీడిమామిడి గుర్తులను వరుసగా ప్రయోగించి, చెల్లిన పదింటిని నిలుపుకొనినను గొప్ప మేలు. పరిశోధనా వృత్తి నవలంబింపగోరు మన జిల్లాల విద్యార్థులకు ఇది చేతికందు పని. విదేశములకు బోవనక్కఱలేని పని.

ఆచరణలో నొకటి రెండు మెలకువలు చెప్పెదను. ఈ కుటుంబపు ఆకులలో జిగురును, వగరును మెండు. డి.ఎన్.ఏ.ను దీయునపుడు అవి దానితో బెనగొని, ముద్దను గోధుమరంగు చేసి, తరువాతి పని జరుగనీయవు. అందుచే ముదురాకు గాక లేతచిగురు దీసికొని, వగరును పట్టుకొను ద్రవ్యములు చేర్చి శుద్ధి చేయుదురు. అంటుమొక్కను పరీక్షించునపుడు ఆకు అంటు ముడికి పైభాగమునుండియే తీయవలెను. పైకొమ్మ చచ్చి, క్రింది వేఱుమొక్క చిగిర్చుట గలదు. చూపునకు మొక్క పచ్చగానే యుండును, కాని యది మనము కొనిన రకము గాదు. పరీక్షలేకయు రైతు ముడిని జూచి ఈ యొక్క మోసమును తానే కనిపెట్టవచ్చును. ముడికి క్రిందినుండి వచ్చు చిగుళ్ళను ఎప్పటికప్పుడు గిల్లివేయుట మఱవరాదు.

ఒక సందేహమును దీర్చి ముగించెదను. గుర్తులను ఒక జాతినుండి వేఱొక జాతికి గొనిపోవుదురని వినగానే, మామిడి జన్యువులను జీడిమామిడిలో జొప్పింతురు కాబోలునని కొంద ఱనుకొందురు. అట్టిదేమియు లేదు. కొనిపోవునది ప్రైమరుల జత మాత్రమే. అదియు పరీక్షానాళికలోనికే గాని చెట్టులోనికి గాదు. పరీక్షకు రెండు చిగురాకులు చాలును. చెట్టునకు గాని కాయకు గాని దీనివలన మార్పు లేదు.

ఇట్లే ఈ గుర్తులు చేయలేని పనులును గలవు. మొక్క ఆరోగ్యముగ నున్నదా, వేళ్ళు చక్కగ నున్నవా, అను దానిని అవి చెప్పవు. ఒక రకమునందే కొమ్మ మాఱి యేర్పడిన చిన్న భేదమును తఱచు పట్టలేవు. అన్నిటికంటె ముఖ్యమైనది, సరిచూచుటకు తల్లిచెట్టు లేనిచో గుర్తు పనికిరాదు. చాకలి గుర్తు ఎంత చెఱగనిదైనను, ఇంటివారి పట్టిక లేనిచో బట్ట యెవ్వరిదో తెలియదు గదా. తుపాను ఒక్కసారి వచ్చి తల్లిచెట్లను గూల్చినపుడు మనము పోగొట్టుకొనునది నీడను కాపును మాత్రమే కాదు. పోలిక చూచుటకు గల మూలమును గూడ. కావున మీ తోటలో గాలివానలను దట్టుకొని నిలిచిన పాత జీడిచెట్టో, పేరు తెలియని మంచి మామిడియో యున్నచో, దాని కొమ్మలను మఱి రెండు చోట్ల అంటుకట్టించి యుంచుడు. సమీపమునందలి ఉద్యానశాఖవారికి దాని సంగతి తెలియజేయుడు. చెట్టు నిలిచియున్నచో, దాని గ్రంథమును చదువుటకు పనిముట్టు దాని యింట లేకున్నను, చుట్టముల యింటనుండి దెచ్చుకొనవచ్చును.